బర్మా నుంచి వచ్చిన హవల్దారు

మా ఆయన బర్మా లడాయి నుంచి హవల్దారై తిరిగొచ్చాడు. పోయినప్పుడు ఉత్త సిపాయి, నడుమ నాయక్ అయ్యాడట. చేతిమీద మూడు పట్టీలున్న ఆ చొక్కాను మా మామ కల్వకుర్తి అంగడి దాకా మోసుకుపోయి, కనిపించినవాళ్లకల్లా చూపించి మురిసిపోయాడు. మా ఆయన మాత్రం దాన్ని మళ్లీ ఒంటిమీద వేసుకోలేదు.

అన్నం పెడితే వెంటనే తినేవాడు కాదు. "అందరు తిన్నరా?" అని అడిగేవాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురమే. ఒకరోజు నాకు నవ్వొచ్చింది.

"సిపాయికి తన ఆకలే ఉంటది. నాయక్ అయినంక కిందోళ్ల ఆకలి గూడ మనదే," అన్నాడు, నవ్వకుండా.

ఆ ఎండాకాలం నార్కట్‌పల్లి దిక్కు నుంచి ఒక ముసలమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఈయన నాయక్‌గా ఉన్నప్పుడు ఆమె కొడుకు ఈయన కింద సిపాయి. తిరిగి రాలేదు.

"నా కొడుకు ఎట్ల పోయిండు బిడ్డా? నీకెరుకేనట."

ఆయన లేచి, పెద్ద అధికారి ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు.

"నీళ్లకు నేనే తోలిన అవ్వా. వాగుకు పోయిండు. గంతల్నే ఎనుకకు జరగాలని మా మీది జమేదారు హుకుం ఇచ్చిండు. సప్పుడు చేయొద్దన్నడు. ఉన్నోళ్లను తీస్కొని వచ్చేసిన. గందుకే నన్ను హవల్దారును చేసిన్రు."

"వాన్ని పిల్వలేదా?"

"పిల్వలే."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "వాగుల నీళ్లున్నయా?" అని అడిగింది.

"మస్తుండె అవ్వా."

"గట్లయితే నోరెండి దూపతోని పోలే," అని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆమె వెళ్లిపోయాక, చేనులో పని చేస్తూ చేస్తూ ఆయన ఉన్నట్టుండి ఆగేవాడు. "ఎవలో వస్తున్నరు," అనేవాడు. చూస్తే ఎవరూ ఉండరు. కొన్నాళ్లకు నాకూ అడుగుల చప్పుడు వినబడసాగింది.

నైజాం చివరి రోజుల్లో ఊళ్లమీద దాడులు మొదలయ్యాయి. పెద్దమనుషులు మా ఇంటికొచ్చారు.

"నువ్వు హవల్దారువి. పోరగాండ్లను నీ చేతుల పెడ్తం. ఊరు కాయాలె."

"నేను కావలుంట. నా కింద ఎవల్ని పెట్టకుండ్రి," అన్నాడు.

రాళ్లు విసిరే వడిసెల పట్టుకుని ఒక్కడే గుట్టెక్కాడు. అయినా పోరగాండ్లు వెంట వెళ్లారు. అన్నీ నేర్పాడట గానీ, ఒక్కరినీ కనుచూపు దాటి పోనిచ్చేవాడు కాదట.

మా ఊరిమీదికి ఎవరూ రాలేదు. నైజాం రాజ్యం పోయిందని కబురొచ్చిన రోజు పోరగాండ్లంతా కేకలు వేస్తూ దిగొచ్చారు. ఆయన రాలేదు. నేనే గుట్టెక్కి, చేయి పట్టుకుని దింపుకొచ్చాను. దారి పొడవునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.