బాపు ఇప్పించిన సూది

మా పక్కింటి మందుల బాపు పోయారని మొన్న తెల్లవారుతూనే ఆయన కోడలు గోడ అవతలి నుంచి చెప్పింది. నా చేతిలో చీపురు అట్లాగే ఉండిపోయింది.

ఎల్లారెడ్డి సర్కారు దవాఖానాలో మందులిచ్చి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా ఆ చూపు వదల్లేదు. బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చినా వెనక్కి తిప్పి చదివాకే విప్పేవారు. “తినుడు తక్కువ, చదువుడు ఎక్కువ” అని ఆయన భార్య విసుక్కునేది.

నా బిడ్డకు చిన్నప్పటి నుంచి ఆయాసం. కామారెడ్డిలో ఒక పెండ్లిలో కిస్మిస్ తిని ఎగపోసుకుంటే, కారణం మొదట అనుమానించింది బాపే. “రంగు పోకుండ సల్ఫైట్ పెడతరు బిడ్డా. అందరికీ ఏం గాదు. దమ్ము, ఆయాసం ఉన్నోళ్లల్ల కొందరికి పడది.” దవాఖానా డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. ఇక నేనూ లేబుళ్ల మీద పడ్డాను. శిష్యరికం కాస్త ముదిరింది.

పోయినేడు బడి దగ్గర తేనెటీగలు కుట్టి పిల్ల మొహం ఉబ్బిపోయింది. ఊపిరి అందడం లేదు. బాపు, నేను ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరమ్మ అడ్రినలిన్ సూది తీసింది. పెట్టె మీద సోడియం మెటాబైసల్ఫైట్ అన్న పేరు చూసి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“మేడం, అది మా పిల్లకు పడది!”

“తెలుసమ్మా. అయినా ఇప్పుడు ఇదే ఇవ్వాలి” అందామె. నేను వదల్లేదు.

బాపు నా వేళ్లు విడిపించారు. “గాలి తగిలితే సూదిమందు రంగు మారి చెడిపోతది. చెడకుండ ఆ సల్ఫైటే గింతంత కలుపుతరు. కిస్మిస్ తినకుంటే ఏం గాదు. గిది ఇయ్యకుంటే పిల్ల పోతది. ఇయ్యనియ్యి.”

ఇచ్చారు. కాసేపటికి పిల్ల గొంతు విప్పి “అమ్మా” అంది. బయటికొచ్చి చూస్తే బాపు బల్ల మీద కూర్చుని ఏడుస్తున్నారు. ఆయనకూ అంత భయమేసిందని అప్పుడు తెలిసింది. నా బిడ్డ నాకు దక్కిందంటే డాక్టరమ్మ వల్ల, ఆయన వల్ల.

ఆయన పోయిన మూడోనాడే సదాశివనగర్‌లో పిల్లకు కబడ్డీ పోటీ. వద్దన్నాను. బాపు భార్య కళ్లు తుడుచుకుని, “పోనియ్యవే. ఆయన ఉంటే పొద్దుగాలనే తయారై కూసుంటుండె” అంది.

నా బిడ్డ గీత దాటి అవతలికి పోయింది. “కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ...” నలుగురు మీద పడ్డా కూత ఆగలేదు. మట్టిలో పాకుతూ, చెయ్యి చాచి, గీత అందుకునేదాకా ఒకటే ఊపిరి.