ఏడు ప్యాకింగ్‌లూ, ఒక కన్నమూ

నీలవేణి టర్నర్ అవుదామని అనుకోలేదు. ఐటీఐలో ఫారం ఇచ్చిన రోజు ఆమె వంతు వచ్చేసరికి కుట్టుపని సీట్లు అయిపోయాయి. ఖాళీ చేతుల్తో ఇంటికెళ్తే నాన్న కేకలేస్తాడని భయపడి, ఏది మిగిలిందో అదే రాసేసింది. నెల తిరక్కుండానే, ఇనుముని తిప్పుతూ చెక్కే లేతు మీద నీలంగా చుట్టలు తిరుగుతూ రాలే ఇనప పొట్టుని చూసి, కుట్టుపని సీటు దొరకనందుకు లోలోపల సంతోషించింది.

ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా బిలాస్‌పూర్ వచ్చాడు. మూడు తరాలుగా రైల్వే కాలనీలోనే ఉన్నారు. ఆమె భర్త చిరంజీవి గూడ్సు బళ్ల మీద అసిస్టెంటు లోకో పైలటు, నెలలో సగం రోజులు లైను మీదే ఉంటాడు. మావగారు శంకరరావు లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. కోడలికి ఇనుము పని వచ్చని తెలిశాక, ఇంట్లో అందరికంటే ఎక్కువ మురిసిపోయింది ఆయనే. ఊరి పక్కనే సిర్‌గిట్టీలో ఒక చిన్న ఫ్యాక్టరీ మూతపడి సామాను అమ్ముతుంటే తనే వెళ్లాడు. గేర్ల పెట్టెకి చెవి ఆనించి చప్పుడు విని, ఎనిమిదడుగుల పాత లేతుని ఎంచి తెచ్చి, తిఫ్రాలో అద్దె షెడ్డులో బిగించి ఇచ్చాడు.

మంచి లేతే. నాలుగేళ్లలో నీలవేణి దాని మీద తిప్పని పని లేదు. రైసు మిల్లు షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు, బోరు పంపు బుష్షులు, అన్నీ చేసింది. కాని దానికొక రోగముంది. పనిముక్కని పట్టుకుని తిరిగే చక్ వెనక, గేర్ల పెట్టె ముందు నుంచి ఆయిల్ కారేది. మెషీను వేడెక్కాక ముందు చెమటలా కనబడి, తరవాత చుక్కచుక్కగా మొదలై, మధ్యాహ్నానికి కింద పెట్టిన ట్రే నిండేది. దగ్గర్లోని కోటా నుంచి మిల్లు పని తెచ్చే రాంప్రసాద్, తెల్ల పైజామా అంచు పైకి పట్టుకుని లోపలికొచ్చి, దీదీ, మీ మెషీన్‌కి జలుబు ఇంకా తగ్గలేదా అని అడిగేవాడు.

ఆ జలుబుకి వైద్యం శంకరరావు చేసేవాడు. చక్ విప్పి, దాని వెనకున్న గుండ్రటి కవరు ఊడదీసి, కవరుకీ పెట్టెకీ మధ్య వేసే ప్యాకింగ్ కాగితం మార్చేవాడు. పాత ప్యాకింగ్‌ని కొత్త షీటు మీద పరిచి, పెన్సిలుతో గీసి, కత్తెరతో ఎంత శుభ్రంగా కోసేవాడంటే, అంచు ఎక్కడా వంకర ఉండేది కాదు. దానికి రెండు పక్కలా పేస్టు పట్టించి బోల్టులు బిగించేవాడు. ఆ పూట కారేది కాదు. ఇంటికెళ్లి భార్య లక్ష్మీనరసమ్మతో ఈసారి ఖాయమని చెప్పేవాడు. మర్నాటికి మళ్లీ మామూలే. అలా ఏడుసార్లు మార్చాడు. షీటు మందం మార్చాడు, పేస్టు మార్చాడు, చివరికి బోల్టులు కూడా మార్చాడు. ఏడోసారి తరవాత లేతు మాటెత్తడం మానేశాడు. నీలవేణి కూడా ఎత్తేది కాదు. ఆయన రాబోతున్నాడంటే ట్రే ఖాళీ చేసి, కింద రంపంపొట్టు చల్లేసేది.

ఈ ఏడాది హోళీకి షాపు మూడు రోజులు మూసింది. మూసేముందు నేలంతా కిరసనాయిలుతో కడిగింది. నాలుగోరోజు తలుపు తీసి చీపురు పట్టుకుని లేతు కిందికి వంగితే, నేల ఎలా వదిలిందో అలాగే ఉంది. ట్రేలో ఒక్క చుక్క లేదు.

నీలవేణి చీపురు పక్కన పెట్టి ఆలోచనలో పడింది. పెట్టెలో ఆయిల్ ఎక్కడికీ పోలేదు, మట్టం చూపే గాజు కన్నులో సగానికి కనబడుతూనే ఉంది. ప్యాకింగే పాడైతే మెషీను ఆగున్నా కారాలి కదా. తిరుగుతున్నప్పుడే ఎందుకు కారుతోంది?

సంచిలోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తీసింది. కవరు చుట్టూ తుడిచి, ఆరనిచ్చి, తెల్లగా పౌడరు చల్లింది. మెషీను ఆన్ చేసి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, ఫోను లైటు వేసి చూస్తూ ఉండిపోయింది. ముప్పావుగంటకి నల్లటి గీత ఒకటి దిగింది. అది ప్యాకింగ్ అతుకు దగ్గర్నుంచి రాలేదు. కవరు మధ్యలోంచి, తిరిగే ఇరుసు చుట్టూ ఉన్న సందులోంచి వచ్చింది. అతుకు చుట్టూ పౌడరు చల్లినది చల్లినట్టే ఉంది.

మెషీను ఆపి, ఆయిల్ దించి, కవరు తీసింది. లోపల చుట్టూ ఒక గాడి ఉంది. గేర్లు చిమ్మిన ఆయిల్ బేరింగు దాటి వచ్చి ఆ గాడిలో పడుతుంది. గాడి అడుగున చిటికెన వేలు పట్టేంత దారి. దానికి ఎదురుగా పెట్టెకి కూడా అంతే కన్నం. పడిన ఆయిల్ ఆ దారినే తిరిగి పెట్టెలోకి పోవాలి. ఆ రెంటికీ మధ్య మావగారి ప్యాకింగ్ నున్నగా, గట్టిగా, ఆ చోట చిల్లు లేకుండా అడ్డం పడి ఉంది. వెనక్కి పోయే దారిలేని ఆయిల్ గాడి నిండి ముందుకి పొర్లుతోంది.

నీలవేణికి నవ్వొచ్చింది. వెంటనే ఆ కాగితం కోసిందెవరో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. తనే చిన్న చిల్లు పొడిచి కవరు బిగించేసి ఊరుకుంటే ఎవరికీ తెలీదు. పంచ్ చేతిలోకి తీసుకుంది కూడా. కాని ఏడుసార్లు తన పనితనాన్నే అనుమానించుకున్న మనిషికి, తప్పు పనితనంలో లేదని ఎవరు చెప్తారు? పంచ్ పెట్టేసి ఇంటికి ఫోన్ చేసింది.

శంకరరావు స్కూటీ మీద వచ్చాడు. వెనక లక్ష్మీనరసమ్మ కూడా, గిన్నెలో పెరుగన్నంతో.

"మావయ్యా, మీ అతుకులోంచి ఒక్క చుక్క కూడా రాలేదు. నాలుగేళ్ల నుంచీ రాలేదు" అంది నీలవేణి.

"మరైతే ఎక్కడ్నుంచొస్తన్నాదమ్మా?"

ఆమె మాట్లాడకుండా ప్యాకింగ్‌ని ఆయన చేతికిచ్చి, కన్నం మీదికి లైటు వేసింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. కాగితాన్ని పెట్టెకి ఆనించాడు, తీశాడు, మళ్లీ ఆనించాడు. ఆయన మొహం చూడడానికి నీలవేణికి ధైర్యం చాలలేదు.

"ఈ కన్నం నాను మొదటిసారి ఇప్పినప్పుడే చూసేనమ్మా" అన్నాడు చివరికి. "పాత ప్యాకింగ్‌కి అక్కడ చిల్లు లేదు కదా, ఇదేటో పనికిరాని కన్నమనుకున్నాను. నాకంటే ముందు ఎవడో తప్పు కోసేడు. ఆడి తప్పుని నాను ఏడుసార్లు శ్రద్ధగా కాపీ కొట్టేను."

ఆ మాట అంటూనే ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని లక్ష్మీనరసమ్మ కంగారుగా దగ్గరికొచ్చింది. ఆయన నవ్వుతున్నాడు. సంగతి విన్నాక ఆవిడ, రైలింజన్లకి కూడా ఇన్నేళ్లూ ఇలాగే చేసేరేటి అని తాపీగా అడిగింది. దాంతో ఆయన లేతుని పట్టుకుని నవ్వాడు. నీలవేణి బకెట్ మీద కూలబడి కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది.

ఎనిమిదో ప్యాకింగ్ కూడా ఆయనే కోశాడు. అన్నీ అయ్యాక పంచ్, సుత్తీ కోడలి ముందు పెట్టాడు.

"కన్నం నువ్వెట్టు. కనిపెట్టింది నువ్వు."

ఒక్క దెబ్బకి చిల్లు పడింది. కన్నం పూడకుండా పేస్టు కొంచెమే, వేలి కొసతో రాశారు. కవరు బిగించి, ఆయిల్ పోసి, మెషీను తిప్పారు. పెరుగన్నం తింటూ ముగ్గురూ దాని ముందే కూర్చున్నారు. లక్ష్మీనరసమ్మ చక్ కింద హిందీ పేపరొకటి పరిచింది. పొద్దువాలేదాకా గేర్లు గుర్రుమంటూనే ఉన్నాయి, పేపరు మీద అక్షరాలు ఎక్కడా తడవలేదు. ఇంటికెళ్తూ ఆవిడ ఆ పేపరుని మడిచి వెంట తీసుకెళ్లింది, లైను నుంచి వచ్చాక చిరంజీవికి చూపించాలట.

ఆ కథని దాచుకోవాల్సిన మనిషి శంకరరావే. ఊరంతా చెప్పింది కూడా ఆయనే. స్టేషను దగ్గర టీ కొట్టులో చెప్పాడు, కూరగాయల బజార్లో చెప్పాడు. ఉగాదికి తెలుగువాళ్లంతా కలిసినచోట పచ్చడి గ్లాసు చేత్తో పట్టుకుని మరీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ప్యాకింగ్‌ల లెక్క పెరిగేది. ఉగాదినాటికి పద్నాలుగయ్యాయి. ఏడే మావయ్యా అని నీలవేణి దిద్దబోతే, కొంచెం ఎక్కువుంటేనే వినడానికి బాగుంటుందిలే అన్నాడు.

అక్కడ విన్నవాళ్లలో అప్పలస్వామి ఒకడు. షెడ్డులో శంకరరావుతో కలిసి చేసినవాడు, ఇప్పుడు చకర్‌భాటాలో పిండి మిల్లు పెట్టుకున్నాడు. మిల్లు ఆర్నెల్ల నుంచి ఏదో చప్పుడు చేస్తోందని, ఎంతమంది చూసినా అంతుపట్టలేదని చెప్పి, ఒకసారి వచ్చి చూస్తావా అని అడిగాడు. అడిగింది నేస్తాన్ని కాదు, నీలవేణిని. ఆమె ఇబ్బందిగా మావగారి వైపు చూసింది.

"వస్తాది. సంచి మోయడానికి నానూ వస్తాను" అన్నాడు శంకరరావు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. స్కూటీ నీలవేణి నడిపింది. వెనక సీట్లో పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న శంకరరావు, చప్పుడు బెల్టుదేనని కాసేపు, బేరింగుదేనని కాసేపు పందెం కాస్తున్నాడు. ముందు మిల్లు తిరుగుతుంటే విననీండి మావయ్యా అంది ఆమె. అచ్ఛా అచ్ఛా అన్నాడాయన. చకర్‌భాటా మలుపు వచ్చేదాకా నోరు మెదపకుండా ఉండటానికి గట్టిగానే ప్రయత్నించాడు.