నాకంటే ముందు పెరంబూరు చేరిన ఫోన్

కిందటేడు ఒక శుక్రవారం నేనూ మా ఆయన శంకరమూ తెనాలి నుంచి చెన్నై వెళ్ళాం, కోడంబాక్కంలో ఒక డాక్టరమ్మకు చూపించుకోవడానికి. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచిందని అందరికీ సంతోషంగా చెప్పుకున్నాం. రెండుసార్లూ మళ్ళీ అందరికీ వేరే మాట చెప్పుకోవలసి వచ్చింది. రెండోదే కష్టమైన పని. అందుకని ఈసారి మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం. నాకు, ఆయనకు, డాక్టరుకు తప్ప నాలుగో మనిషికి తెలియదు. తెలియదు అనడం కూడా పూర్తి నిజం కాదు. ఒకరోజు ఫోన్లో "మూడో నెలలో ఏం తినాలి" అని వెతికానంతే, మర్నాటి నుంచి ఏది తెరిచినా ఉయ్యాలల ప్రకటనలే. మా అత్తగారికి తెలియకముందే ఉయ్యాలలు అమ్మేవాళ్ళకు తెలిసిపోయింది.

స్కానింగులో అంతా బాగుందని, బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పింది. "హాయిగా తిరగొచ్చు, బరువులు ఎత్తకు" అంది. శంకరానికి శనివారం డ్యూటీ ఉంది. ఆ సాయంత్రం బండికే వెళ్ళిపోయాడు. నేను కోడంబాక్కంలోనే ఉండే నా చిన్ననాటి స్నేహితురాలు పద్మజ ఇంట్లో ఆగాను. ఆఫీసు ట్రైనింగుకు వచ్చానని ఆమెతో అబద్ధం ఆడాను. పద్మజ ప్రాణం పెట్టే మనిషి. కానీ ఆమెకు తెలిస్తే తెనాలి మొత్తానికి తెలిసినట్టే. శనివారం సాయంత్రం నాలుగున్నరకు నా బండి. అప్పటిదాకా ఊరు చూద్దామని ఉంది నాకు. ఆసుపత్రులకూ పరీక్షలకూ తప్ప ఈ ఊరికి నేనెప్పుడూ సరదాగా రాలేదు.

పద్మజ సినిమా లైట్లు అద్దెకిచ్చే దుకాణాల వీధిలో ఉంటుంది. పొద్దున్నే నా ఫోన్లో ఒక యాప్ వేసి పెట్టింది. లోకల్ రైలుకూ బస్సుకూ మెట్రోకూ అన్నిటికీ అందులోనే టికెట్లు. "పర్సు కూడా వద్దే, జేబుదొంగల గొడవుండదు. నీ సామాను నేను నాలుగింటికి సెంట్రల్‌కు తెస్తాలే" అంది. నిజంగానే పర్సు ఆమె ఇంట్లో పెట్టేసి, చేతిలో ఫోను, భుజాన నీళ్ళ సీసా ఉన్న గుడ్డసంచీతో బయలుదేరాను.

కోడంబాక్కం స్టేషన్లో పదికి పది నిమిషాల ముందు బీచ్ వైపు వెళ్ళే లోకల్ ఎక్కాను. పార్క్ స్టేషనుకు ఐదు రూపాయలు, పావుగంట. శనివారం కాబట్టి ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కనే చోటు దొరికింది. కొత్తగా వెళ్ళేవాళ్ళకు చెబుతున్నాను, పది దాటాక ఎక్కితే ఇంకా సుఖం. ఫోను ఒళ్ళో పెట్టుకున్నాను. కిటికీలోంచి మేడలు, గోడల మీద రంగు బొమ్మలు, ఎవరో ఆరేసిన చీరలు వెళ్ళిపోతుంటే, నిన్న విన్న ఆ గుండె చప్పుడే చెవుల్లో మోగుతోంది. పార్క్ స్టేషను వచ్చిందని ఎవరో అరిస్తే ఉలిక్కిపడి లేచి దిగిపోయాను.

నా లెక్క ప్రకారం సొరంగదారిలో రోడ్డు దాటి, సెంట్రల్ దగ్గర మెట్రో ఎక్కి, ఒక్క స్టేషను వెళ్ళి దిగి, అక్కడి నుంచి మెరీనాకు పోవాలి. మెట్రో గేటు ముందు టికెట్ తీద్దామని చూస్తే చేతిలో ఫోను లేదు. సంచీ బోర్లించాను. నీళ్ళ సీసా, చేతిరుమాలు. అంతే. టికెట్టు లేదు, రూపాయి లేదు, తిరుగు బండి టికెట్టూ ఆ ఫోన్లోనే. పద్మజ నంబరు గుర్తులేదు. మొగుడి నంబరూ గుర్తులేదు. సిగ్గుచేటు, నా నంబరు ఒక్కటే గుర్తుంది.

డబ్బు సంగతి తర్వాత, అంతకంటే పెద్ద భయం ఇంకోటి. శంకరం రోజూ పదింటికల్లా సందేశాలు మొదలుపెడతాడు. మాత్ర వేసుకున్నావా, వాంతి అయిందా, ఇవాళ్టికి పన్నెండు వారాలు. తాళం తీయకపోయినా ఆ మాటలన్నీ తెర మీద కనిపిస్తాయి. ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో! మధ్యలో పద్మజ ఫోన్ చేస్తే వాళ్ళు ఏం చెబుతారో!

బయట ఆటోల వరసలో ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. వచ్చీరాని తమిళంలో మొదలుపెట్టాను. ఆయన నవ్వాడు.

"తెలుగులోనే చెప్పక్కా. మాది ఈ పక్కనే, చూలై. ఇంట్లో అమ్మతో తెలుగుదా మాట్లాడేది."

పేరు దాము అట. ఫోన్ పోయిందనగానే తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. నా ఖాతాలోకి వెళ్ళి ఫోను ఎక్కడుందో మ్యాపులో చూద్దామని పాస్‌వర్డ్ కొట్టబోయాను. ఆయన చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగక్కా! నీ పాస్‌వర్డ్ నా ఫోన్లో ఎందుకు కొట్టేది? నేనెవురో నీకు తెల్సా? ముందు నీ నంబరుకు ఫోన్ చెయ్. మంచోళ్ళకు దొరికుంటే వాళ్ళే ఎత్తుతారు."

రెండో రింగుకే ఎత్తారు. వెనక రైలు చప్పుడు.

"ఫోనమ్మా నువ్వా?" అంది ఒక ఆడగొంతు. "నీకోసరం పార్కు స్టేషనంతా ఎతికినా. నేను పెరంబూరు బండెక్కేసినా మా. ఆడ స్టేషను బయట టీ అంగడి ఉండాది. ఆడనే నిలబడుకోనుంటా. నువ్వు నిదానంగా రా. పరిగెత్తొద్దు."

ప్రాణం లేచొచ్చింది. పెరంబూరుకు ఆటోలో తీసుకెళ్ళమని, ఫోన్ చేతికి రాగానే డబ్బులు పంపుతానని దామును అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నూటయాభై అయితాది. ఆడోళ్ళకు ఊరికే తీసకపోయే బస్సుంటే నాకెందుకిస్తావు? అద్దో, ఆ స్టాపులో నిలబడు. మామూలు బస్సు ఎక్కు. ఏసీ బస్సు ఎక్కబాక."

చెన్నైలో మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. ఏ రాష్ట్రం వాళ్ళమైనా సరే. కండక్టరు ఎక్కడికని అడిగాడు, పెరంబూరు అన్నాను, టికెట్ చింపి ఇచ్చాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు, ఫోన్ నంబరు అడగలేదు. మా ఊళ్ళో పెన్ను కొన్నా బిల్లుకు నంబరు చెప్పమంటారు. చేతిలో ఏమీ లేని నన్ను, నేనెవరో తెలుసుకోకుండానే ఆ బస్సు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది. భయం సగం తగ్గి, చూలై పక్కగా, పురసవాక్కం బట్టల కొట్ల మీదుగా ముప్పావుగంట ఊరు చూస్తూ వెళ్ళాను. నిజం చెప్పాలంటే మెరీనా కంటే అదే బాగుంది.

పెరంబూరు స్టేషను బయట టీ అంగడి దగ్గర నీలం చీరలో ఒక సన్నటి మనిషి నిలబడి ఉంది. పేరు రూతమ్మ. తెల్లవారుజామునే కోడంబాక్కం వచ్చి, మూడు ఇళ్ళలో పని చేసుకుని, పదింటి బండికి ఇల్లు చేరుతుందట. నేను కూర్చున్న సీటుకు ఎదురుగానే కూర్చుందట, నేను లేచినప్పుడు ఒళ్ళోంచి జారిన ఫోను తీసుకుని నా వెనకే దిగిందట. నేను చూడనే లేదు. చేతిలో తెల్లటి తువ్వాలు మూట. విప్పితే లోపల నా ఫోను, తెర కిందికి పెట్టి ఉంది.

"ఏలు పెట్టు మా. తెరుచుకుంటే నీదే."

వేలు పెట్టాను. తెరుచుకుంది. ఇద్దరం నవ్వాం.

"తువ్వాలెందుకు చుట్టారమ్మా?" అన్నాను.

"ఊరికే వెలుగుతా ఉండాది, ఏందేందో మాటలు వస్తా ఉండాయి. పక్కనోళ్ళు తొంగి చూస్తారు గదా. ఒకరి మాటలు మనం చూడగూడదు. సరి, దా, ఎండలో నిలబడొద్దు. ఇల్లు ఈడనే."

రైలు పెట్టెల కర్మాగారం కార్మికులుండే వీధుల వెనక రెండు గదుల ఇల్లు. ఆమె కూతురు స్టెల్లా కాలేజీలో చదువుతోంది. తల్లి తెలుగులో అడిగితే తమిళంలో జవాబు చెబుతోంది. రూతమ్మ నన్ను ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు పెట్టుకోవడానికి పీట వేసింది. ఇంత మర్యాద ఎందుకా అనుకున్నాను. అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ ఇచ్చింది. స్టెల్లా నవ్వుతూ పళ్ళెంలో బొప్పాయి ముక్కలు కోసి తెచ్చింది. నా చెయ్యి ఇంకా లేవకముందే రూతమ్మ ఆ పళ్ళెం లాగేసుకుంది.

"అది వద్దు పాపా. ఆమెకు జలుబు చేసిండాది."

నాకు జలుబు లేదు. రూతమ్మ నా వైపు చూడకుండా పళ్ళెం లోపల పెట్టేసి, అరటిపండు తెచ్చి ఇచ్చింది. నాకు అప్పుడర్థమైంది. ఈమెకు తెలుసు!

ఒంటిగంటకు నన్ను స్టేషను దాకా దింపడానికి వచ్చింది. పెరంబూరు నుంచి సెంట్రల్‌కు లోకల్లో ఐదు రూపాయలే, పదిహేను నిమిషాలు. టికెట్ ఫోన్లో తీసుకున్నాను. బల్ల మీద కూర్చున్నాక, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"నేను కావాలని వినలేదు మా. పార్కు స్టేషన్లో నీ ఫోను మోగింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చూస్తే 'కరెంటాయన' అని ఉండాది. కరెంటు ఆఫీసోళ్ళు బిల్లు కట్టమంటా ఉండారేమో అని ఎత్తినా."

శంకరం కరెంటు ఆఫీసులోనే పని చేస్తాడు. అందుకని సరదాగా అలా రాసుకున్నాను.

"నేను నోరు తెరిచేలోపలే ఆయన మొదలుపెట్టేసినాడు. మాత్ర ఏసుకున్నావా, పన్నెండు వారాలంట, అమ్మకు ఇంకా చెప్పలేదంట, బిడ్డ నీ పోలికే రావాలంట. అయ్యా, నేను మీ ఆడమనిషిని కాదు అన్నా. పాపం, మాట పడిపోయింది ఆయనకు!"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వుతుంటేనే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆమె కంగారుపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఏడవబాక కణ్ణా. నేను ఎవురికీ చెప్పలా. నా కూతురికీ చెప్పలా. పద్మజ అని ఎవురో చేసినారు, ఫోను మరిచిపోయింది, వస్తా ఉండాది అన్నా, అంతే. చెప్పేది నువ్వు. నువ్వు చెప్పేదాకా అది నీ సొత్తు."

రైలు వస్తోంది. ఇంకో మాట అంది.

"రేపు చర్చిలో ప్రార్థన చేసుకుంటా. నీ పేరు అడగను. పేరు లేకున్నా ఆయనకు తెలుస్తాది గదా."

పేరు చెప్పాను, వసంత అని. నంబరూ ఇచ్చాను. ఆడవాళ్ళ పెట్టెలో నాకు సీటు దొరికేదాకా ఆమె కిటికీ వెంట నడుస్తూనే ఉంది. బండి కదిలాక మొదట దాముకు ఫోన్ చేసి దొరికిందని చెప్పాను. "సరి అక్కా, సవారీ ఉండాది, పెట్టేస్తా" అన్నాడు. తర్వాత శంకరానికి చేశాను. "ఎవరు మాట్లాడేది?" అని మూడుసార్లు అడిగాడు.

మా పాపకిప్పుడు ఆరో నెల. పుట్టిన రోజున రెండిళ్ళ వాళ్ళకూ చెప్పాక మూడో ఫోను రూతమ్మకే చేశాను. అప్పటి ఆమె కేక ఆసుపత్రి వరండా అంతా వినబడింది. మన గురించి తెలియనివాళ్ళంటూ ఈ రోజుల్లో లేరని నాకో దిగులుండేది. ఎక్కడ దిగామో, ఏం కొన్నామో, ఏం వెతికామో అన్నీ ఎక్కడో నమోదవుతూనే ఉంటాయి. కానీ ఆ శనివారం నాకో సంగతి తెలిసింది. తెలుసుకోవడం వేరు, తెలిసినదాన్ని కాపాడటం వేరు. పాస్‌వర్డుకు చెయ్యి అడ్డం పెట్టిన మనిషి, బొప్పాయి పళ్ళెం లాక్కుని జలుబని అబద్ధమాడిన మనిషి ఉన్న ఊరు అది. అక్కడికి మళ్ళీ వెళ్ళాలని ఉంది, ఈసారి ముగ్గురం.

మీరూ ఇలా ఒక్క ఫోనుతో ఊరు తిరగాలనుకుంటే బయలుదేరే ముందు ఒక పని చేయండి. ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి, తాళం వేసి ఉన్నప్పుడు సందేశాల్లోని మాటలు తెర మీద కనబడకుండా పెట్టుకోండి. అర నిమిషం పని. అందరి ఫోనూ రూతమ్మకే దొరకదు కదా.