కుంట ఎవరి చేనులో?

ఉదయం ఆరున్నరకు అనంతపురం బస్టాండులో కళ్యాణదుర్గం పల్లెవెలుగు ఎక్కాను. మరునాడే ఓబులమ్మ అనే రైతు చేనులో జేసీబీ నీటికుంట తవ్వనుంది. ఆ చోటును ఎంపిక చేసిన, రైతులకు కుంటలు తవ్వించే మా సంస్థ పటాన్ని నేను నమ్మలేకపోయాను. నేల ఏటవాలును, వంపును లెక్కించే సాఫ్ట్‌వేర్లలో ఒకటి పల్లానికి ప్లస్ గుర్తు పెడితే మరొకటి మైనస్ పెడుతుంది. మావాళ్ళు ఒకదాని లెక్కను మరొకదాని పద్ధతిలో చదివి ఉంటే, కుంట మిట్టమీద పడుతుంది. "వాదించింది చాలు, పోయి చూసి రా" అన్నారు మా అధికారి.

ల్యాప్‌టాప్‌లోని పటంపై ఎరుపు, నీలం మచ్చలను పక్కసీటు పెద్దాయన తొంగిచూశాడు.

"ఎవురికప్పా స్కానింగు?"

"నేలకు."

"అయితే జొరమే. ఎర్రగుండాది."

కళ్యాణదుర్గంలో ఉగ్గాని, బజ్జీ తిని షేర్ ఆటో ఎక్కాను. నిండితే గాని అది కదలదు. తొందర ఉన్నవారు ముందే చేరుకోవాలి. ఓబులమ్మ ఊళ్ళో దిగి, ఆమెను వెంటబెట్టుకొని చేనుకు వెళ్ళాను.

అక్కడ కుంట కోసం సున్నంతో గీసిన చోటు నుండి పాత వాన చారలు నాలుగు వైపులకూ విడిపోయి ఉన్నాయి. వాటిలో చాలావరకు చేరిన పల్లం గట్టుకు అవతల, ఆమె మరిది ఎర్రిస్వామి చేనులో ఉంది.

"అక్కా, ఇది మిట్ట. నీళ్ళు నిలవవు."

"నాకు తెలీదా? అర్జీలిచ్చి ఇచ్చి ఇప్పటికి కుంటల లిస్టులో నా పేరొచ్చినాది. నోరు మూసుకొని ఉంటి."

"మరి చీనీ, అదే బత్తాయి మొక్కలు కొన్నావు కదా, ఎట్లా బతుకుతాయి?"

"వాని చేన్లో తవ్వితే బతుకుతాయా? బోరు కాడ కొట్లాడినప్పటి నుంచీ మాకు మాటల్లేవు."

ఫోను చేసి జేసీబీని ఆపించాను. తరువాత గట్టు దాటి ఎర్రిస్వామిని కలిసి, కుంట అతని చేనులోకి మారవచ్చని, ఓబులమ్మ మొక్కలకూ ఆ నీళ్ళే కావాలని చెప్పాను.

"నీళ్ళిస్తాలేప్పా. ఆమెనొచ్చి అడగమను."

గట్టు ఇవతలి నుండి ఓబులమ్మ అరిచింది: "నేనడగను! తప్పు మీ పటానిది, నువ్వే అడుగు!"

అడిగాను. "కుంట నిండితే ఇస్తా" అన్నాడతను. ఆ మాటను నా నివేదికలో రాసుకున్నాను.

సాయంత్రం తిరుగుబస్సులో పటం సరిదిద్దాను. ఏటవాలు, వంపు అన్నీ సరిపోయాయి. అందులో గట్టు లేదు. గట్టుకు అటూ ఇటూ ఉన్నవారు మాట్లాడుకుంటారా అన్నది అసలే లేదు. ఈ దారిన చేలు చూడవచ్చే వారు అది కూడా విచారించి రావాలని మనవి. అంతలో ఓబులమ్మ ఫోను చేసింది.

"ఏమప్పా, మొక్కలకు గుంతలు తీయల్నా, వద్దా?"

నివేదిక తెరిచి చూశాను: "కుంట నిండితే ఇస్తా" అని మాత్రమే ఉంది.

"బస్సులో ఉండావా? సరే, దిగినాక చెప్పు" అని పెట్టేసింది.

అనంతపురంలో దిగి చాలాసేపయింది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.