బీరువా వెనక తలుపు

ఆ భవనంలో ఎడమ సగం జననమరణాల ఆఫీసు, కుడి సగం ఆరోగ్య కార్డుల ఆఫీసు. నడుమ గోడ. ఇటు ఉత్తరం అటు చేరాలంటే ముందు గేటు దాటి, సందు తిరిగి, ప్రహరీ పొడుగునా చెట్ల కింద నడిచి, వెనక గేట్లోంచి రావాలి. రెండు రాజ్యాలకీ ఏకైక రాయబారి, బంట్రోతు మబ్బయ్య. కాళ్లు నేలమీదున్నా మనిషి ఎక్కడో తేలుతుంటాడని ఆ పేరు.

ఇరవై నిమిషాల దారి అతనికి నలభై పట్టేది. తక్కిన ఇరవై, ఆకుల సందుల్లోంచి చొక్కా మీద రాలే ఎండ చుక్కలకి చెల్లు.

ఒకసారి పైనుంచి ఉత్తర్వు వచ్చింది, రెండు కార్యాలయాలూ సమన్వయంతో పనిచేయవలెనని. ఎడమవాళ్లు దాన్ని కుడివాళ్ల అభిప్రాయానికి పంపారు. తమకు అభిప్రాయం లేదని కుడివాళ్లు తిప్పి పంపారు. రెండుసార్లూ మోసింది మబ్బయ్యే.

అలాంటి మబ్బయ్య అక్క, కాగితాల్లో చచ్చిపోయింది. బావ పోయినప్పుడు రిజిస్టరులో గుమాస్తా ఆవిడ పేరు కూడా పోయినవాళ్ల వరసలో ఎక్కించాడు. రేపు పొద్దున ఆవిడకి కంటి ఆపరేషను. కార్డు లేకపోతే మంచం ఇవ్వరు. ఈ వంతు తప్పితే మళ్లీ ఏడాదికి. అప్పటికి ఆ కన్ను ఆగదన్నాడు డాక్టరు.

అక్క కార్డుల ఆఫీసు బల్లమీద కూర్చుంది.

"ఒరేయ్ తమ్ముడూ, నేను పోయానట. నాకొక్క మాటైనా చెప్పలేదు."

"కాగితాల్లోనే లేవే అక్కా."

"బతికున్నారని పక్క ఆఫీసువాళ్లు రాసివ్వాలి పెద్దమ్మా," అంది కార్డుల మేడమ్.

"ఎదురుగా కూర్చున్నానుగా తల్లీ."

"కూర్చున్నట్టు కూడా వాళ్లే రాయాలి."

అంటే ప్రశ్న, జవాబు, ధ్రువీకరణ. మూడు ఉత్తరాలు, మూడు నడకలు. గడియారం నాలుగున్నర చూపిస్తోంది. అయిదుకి ఆఫీసు మూస్తారు.

మబ్బయ్య గోడవైపున్న బీరువాని చూశాడు. గాలికి కాగితాలు ఎగురుతున్నాయని పద్దెనిమిదేళ్ల కిందట అప్పటి అధికారి అంటే, దాన్ని తలుపుకి అడ్డంగా జరిపింది తనే. ఆ సంగతి తెలిసినవాళ్లంతా రిటైరయ్యారు. చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాడు. చెబితే చెట్లు పోతాయి. మళ్లీ మూసుకున్నాడు.

"మేడమ్, ఆ బీరువా వెనక తలుపుంది."

"మీకెలా తెలుసు?"

"బీరువా పెట్టింది నేనే."

"ఇన్నేళ్లూ బెల్లం కొట్టిన రాయిలా ఉన్నారా?"

అతను తల వంచుకుని బీరువాకి భుజం ఆనించాడు. మేడమ్ కూడా ఓ చేయి వేసింది. తలుపు మూలుగుతూ తెరుచుకుంది. అవతల గుమాస్తా టీ కప్పు పెదవుల దగ్గరే ఆపేశాడు. తొమ్మిదేళ్లుగా ఉత్తరాల్లో పోట్లాడుకుంటున్నవాళ్లు మొదటిసారి ముఖాలు చూసుకున్నారు.

"'తమరి జాప్యం శోచనీయము' అని రాసేది మీరేనా?" అంది మేడమ్.

"'తమరి నిర్లక్ష్యం క్షమార్హము కాదు' అనేది తమరేనా?" అన్నాడు గుమాస్తా.

ఈలోగా అక్క గోడ తడుముకుంటూ పన్నెండడుగులు నడిచి అతని ముందు నిలబడింది.

"చూడు బాబూ, ఉన్నానా, లేనా?"

గుమాస్తా ఆపాదమస్తకం పరిశీలించాడు. "ఉన్నారమ్మా," అని రాశాడు. అతని టీ చల్లారేలోగా మూడు ఉత్తరాలూ ఇటూ అటూ తిరిగాయి. అయిదుకి పది నిమిషాలుండగా కార్డు చేతికొచ్చింది.

ఇప్పుడు మబ్బయ్య రాజ్యం పన్నెండడుగులు. దానిమీద ఎండ పడదు.

కట్టు విప్పిన వారానికి అక్క ఆఫీసుకొచ్చింది. "ఏవిరా నీ చెట్లు?"

చేతిలో ఏ ఉత్తరమూ లేకుండా ఇద్దరూ ముందు గేటు దాటారు. అక్క ఆగి ఆగి, ప్రతి ఆకు సందులోకీ తలెత్తి చూస్తూ నడిచింది. వెనక గేటు చేరేసరికి గంటన్నర పట్టింది.