పిన్ని చెరిపిన బొమ్మ

"దాదా, అమ్మ పోయింది" అని చెల్లెలు హౌరా నుంచి ఫోన్ చేసింది. అమ్మంటే వాళ్ళమ్మ, మా పిన్ని. మా అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది ఆవిడే. కలకత్తా వీధులు ఊడ్చి నన్ను కాలేజీలో చదివించింది. ఆ ఫోన్ వచ్చేసరికి నేను రేపటి పత్రిక కోసం ఎవరో మంత్రిగారి ముక్కు సాగదీస్తూ కూర్చున్నాను. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది.

నా కార్టూన్లు చూసి మీరంతా ధైర్యవంతుడంటారు. ఆ మాట ఇవాళ వినలేను.

పిన్నికి చదువు రాదు. ఊరేగింపు వెళ్ళాక రోడ్డు మీద పడ్డ కరపత్రాల్లో వెనకవైపు తెల్లగా ఉన్నవి ఏరి, దులిపి, నాకు తెచ్చేది. నేను బొమ్మలు నేర్చుకున్నది వాటి మీదే. "ఏటిరా, ఈడికింత పొట్టేటి? ఊరంతా మింగేసినాడేటి?" అని విరగబడి నవ్వేది. ఆవిణ్ణి నవ్వించడానికే గీసేవాణ్ణి.

బీయే రెండో ఏడు, ఎన్నికల ముందు, కాలేజీ గోడ మీద మా వార్డు నాయకుణ్ణి గీశాను. లేవబోతే కుర్చీ కూడా వెనకాలే లేస్తున్నట్టు. ఎర్రజెండా తప్ప మరొకటి ఎరగని వార్డు మాది. మర్నాడే ఆయన మనుషులు పిన్ని దగ్గరికి వెళ్ళారు. మధ్యాహ్నంలోగా గోడ తెల్లబడకపోతే కుర్రాడికి కాలేజీ ఉండదు, నీకు కార్పొరేషన్ క్వార్టరు ఉండదు అన్నారట.

నాకు చెప్పకుండా, సున్నం బకెట్టు, చీపురు పట్టుకుని తనే వచ్చింది. కుర్రాళ్ళు గుమిగూడి ఈలలు వేశారు. ఆ గుంపులో నేనూ ఉన్నాను. "మీ తెలుగావిడలా ఉందే, తెలుసా?" అని పక్కవాడు బెంగాలీలో అడిగాడు. తెలీదన్నాను. అవును, ఈ నోటితోనే అన్నాను. ఆ బొమ్మ గీసిన మొనగాడు ఊడ్చేవాళ్ళ పిల్లాడని నలుగురికీ తెలుస్తుందని చచ్చేంత సిగ్గు. పిన్ని విన్నది. తల తిప్పలేదు. చీపురు సరిగా పట్టనిచోట అరచేత్తో పూసి, పని ముగించి, నన్ను ఎరగనట్టే నా పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా బతికింది. క్షమించు పిన్నీ అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అనలేకపోయాను. ఇప్పుడెవరి కాళ్ళు పట్టుకోను?

ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి కంచం ముందు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. అరచేతులు సున్నానికి పొక్కిపోయాయి.

"బొమ్మ బాగుందిరా. సెరపడానికి మనసు రాలేదు" అంది. కంచం నాకేసి జరిపి, "సెయ్యి మంటెత్తుతోంది. కూసింత కలిపి పెట్టు" అంది.

పులుసన్నం ముద్దలు చేసి పెడుతుంటే, నోరు తెరిచి, నా మొహంకేసి చూస్తూ తింది.