ఎండతో ఆడిన బేరం

భవాని పేట్‌లో మా చద్దర్ల, అంటే దుప్పట్ల, కొట్టులో పాకుతూ పెరిగినవాణ్ణి. మొదట చెప్పిన మాట ఎవరిదైనా సరే, అది ఆఖరి మాట కాదన్నదే నాకొచ్చిన చదువు. డాక్టరు జ్వరం నూట మూడంటే, నూట రెండుకు రాదా అని అడుగుతానని ఇంట్లో నవ్వుతారు.

నిరుడు వానలకు ముందు మా గల్లీ రోడ్డు కొత్తగా వేస్తామన్నారు. పాత రోడ్డు మీద ఎండాకాలమంతా నూలు మోసే టెంపోలు నడిచి, చక్రాలు పోయేచోట రెండు లోతైన గాడులు దింపాయి. ఇంట్లో చుట్టిన బీడీల గంపతో కార్ఖానాకు పోయే మా అమ్మ ఆ గాడి అంచున కాలు మడతపడి పడిపోయింది. కాలు బాగైంది గానీ ఆమె గడప దాటడం మానేసింది. బీడీలు నేనే తీసుకెళ్లి ఇచ్చేవాణ్ణి.

"కార్ఖానోల్లు నీ మొకం చూసే సగం బీడీలు బాగలేవని తీసి పడేస్తున్నరు. రోడ్డు సమమైతే నేనే పోత కొడకా" అనేది.

కాంట్రాక్టరు రెండు డబ్బాల్లో రెండు రకాల తారు, మా మాటలో డాంబర్, చూపించి, ఏదంటే అది వేస్తానన్నాడు. చద్దర్‌ను చూసినట్టే గోరుతో నొక్కాను, అంచు పట్టి లాగాను. ఒకటి గట్టిగా ఉంది. ఇంకొకటి మెత్తగా రబ్బరులా సాగింది. గల్లీ అందరి ముందు గట్టిదే మంచిదని చెప్పేశాను.

మా అమ్మాయి ఒప్పుకోలేదు. హోట్గి రోడ్ వైపు, రోడ్ల సామాను పరీక్షించే ల్యాబులో ఆమె ఉద్యోగం. "గోరుతోని కాదు బాపూ, మిషన్ల పెట్టి చూద్దాం" అని డబ్బాలతోపాటు నన్నూ ఆటో ఎక్కించింది.

అక్కడ గట్టి తారును గుండీ అంత బిళ్లగా చేసి రెండు పలకల మధ్య పెట్టింది. వేడి అరవై నాలుగు డిగ్రీలకు తెచ్చి, పై పలకను కాస్త మెలిపెట్టి వదిలింది. మళ్లీ మెలి, మళ్లీ వదులు. తెర మీద గీత మెట్లెక్కినట్టు పైకి పోయింది. తర్వాత సాగేదాన్నీ అలాగే చేసింది. దాని గీత ఎక్కిన ప్రతిసారీ చాలావరకు కిందికి దిగింది.

"నీ గట్టిది పోయినంత పోయింది, ఎనుకకు రాలె. సాగేది పోయి, చానమట్టుకు ఎనుకకొచ్చింది. టెంపో దాటినంక డాంబర్ గిట్ల లేవాలె. లేవకుంటే గదే గాడి."

నాకు తల తిరిగింది. గట్టిది లొంగడమేమిటి, మెత్తది నిలవడమేమిటి? మా కొట్టులో చద్దర్ సాగితే మనిషి వాపసు తెచ్చి మొహాన కొడతాడు. పైగా గల్లీలో మాటిచ్చి ఉన్నాను. ఏం చేయాలో తోచక, చేతనైన పనే చేశాను.

"అరవై నాలుగు జాస్తి బిడ్డా. యాభైకి పెట్టు."

"ఏంది?"

"నీది వద్దు, నాది వద్దు. యాభై ఐదు."

"ఎండతోని బేరం చేస్తవా బాపూ? మే నెలల రోడ్డు గంత కాలుతది."

"పోనీ అరవై. ఫైనల్."

పక్క బల్ల దగ్గరి ఆవిడ నవ్వాపుకోలేక బయటికి పోయింది. మా అమ్మాయి అరవైకి పెట్టి కొత్త బిళ్లలు వేసింది. అక్కడా మెత్తదే లేచింది. అడిగిన వేడి దక్కింది కాబట్టి బేరం గెలిచానో, నా మాట పోయింది కాబట్టి ఓడానో ఇప్పటికీ తెలియదు.

"అయితే గాడి పడదని గ్యారంటీ ఇయ్యి."

"గ్యారంటీ ఎక్కడిది? ఇది డాంబర్ ఒక్కదాని ముచ్చట. కంకర, రోలర్ సరిగ్గ లేకుంటే అదేం చేస్తది?"

గ్యారంటీ లేని సరుకు అమ్మేది మా బజారొక్కటే అనుకున్నానిన్నాళ్లూ.

గల్లీకొచ్చి మాట మార్చాను. ఎందుకని అడిగితే, "మెత్తదే మల్ల లేస్తది" అన్నాను. ఎదురింటి మగ్గం ఆసామి, "ఎన్ని గంటలకు లేస్తది భావ్, చాయ్ పెట్టియ్యాల్నా?" అన్నాడు.

మెత్తదే వేశారు. అమ్మ మాత్రం కదల్లేదు. "కొత్తల అన్నీ సమమే ఉంటయి. ఒక ఎండాకాలం పోనియ్యి" అంది. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు.

ఈ ఏడు ఎండలు కాశాయి, టెంపోలు నడిచాయి. మొదటి వాన వెలిశాక అమ్మ గంప నెత్తికెత్తుకుని గడప దిగింది. వెనకే నడిచాను. పడినచోటికి రాగానే గాడి దాటుతున్నట్టు కాలు ఎత్తి, సమంగా ఉన్న నేల మీద అవతల పెట్టింది. నిలబడి కిందికి చూసింది.

"ఏది కొడకా, గాడి?"

"పడలేదవ్వా."

"గంత మెత్తటి డాంబర్, ఎందుకు పడలే?"

"నీ మనుమరాల్నే అడుగు. మిషన్ల రెండుసార్లు చూపించినా నా తలకెక్కలె" అన్నాను.